ఎమర్జెన్సీ గుమ్మం దాటాక మొదటి మూడు రోజులు

పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

హెరాయిన్, మార్ఫిన్, ఫెంటానిల్, కోడీన్, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్లకు అలవాటుపడినవాళ్లు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎమర్జెన్సీ వార్డుకు చేరతారు. అక్కడినుంచి వాళ్లను నిలకడైన వైద్యానికి ఎలా చేర్చాలని డాక్టర్లు, నర్సులు, కుటుంబసభ్యులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. మందుల మోతాదులు వైద్య సిబ్బంది కోసం రాసినవి. డాక్టరు రాయకుండా ఎవరూ సొంతంగా మొదలుపెట్టవద్దు.

ప్రశ్న: ఓవర్‌డోస్‌తో వచ్చినవాళ్లకు ఓపియాయిడ్ల మత్తుకు విరుగుడైన నాలోక్సోన్ ఇస్తాం, తేరుకుంటారు. వ్యసన చికిత్స క్లినిక్ చిరునామా రాసిచ్చి పంపేస్తాం. వెళ్లేవాళ్లు అరుదు. పదిరోజులు తిరక్కుండా అదే మనిషి మళ్లీ స్ట్రెచర్ మీద కనిపిస్తాడు. ఎమర్జెన్సీలో ఇంతకన్నా మేం చేయగలిగింది ఉందా? (ఒక డ్యూటీ డాక్టర్)

జవాబు: ఉందండి, చాలా ఉంది. ముందు ఆ మనిషి మీ గుమ్మం దాటేటప్పుడు ఎలా ఉన్నాడో చూడండి. నాలోక్సోన్ పడగానే ఒంట్లో మత్తంతా ఒక్కసారిగా దిగిపోయింది. చెమటలు, వాంతులు, ఎముకలు పిండేసినట్టు నొప్పులు, నిలవనీయని అలజడి. చేతిలో చిరునామా ఉంది, కానీ క్లినిక్ తెరిచేది రేపు ఉదయం. ఈ బాధ తీర్చే సరుకు మాత్రం ఈ రాత్రికే దొరుకుతుంది. వాళ్లు క్లినిక్‌కు వెళ్లకపోవడాన్ని మనం ‘మారాలన్న కోరిక లేకపోవడం’ కింద జమ కట్టేస్తున్నాం. చాలామంది విషయంలో అది అన్యాయమైన లెక్క.

2015లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు ఇదే ప్రశ్న మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఎమర్జెన్సీకి వచ్చిన 329 మందిని మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు క్లినిక్‌ల వివరాలిచ్చి పంపారు. రెండో జట్టుతో 10, 15 నిమిషాలు కూర్చుని మాట్లాడి, క్లినిక్‌కు దారి ఏర్పాటు చేశారు. మూడో జట్టుకు ఆ మాటలతో పాటు ఈ బాధనూ కోరికనూ తగ్గించే బ్యుప్రెనార్ఫిన్ అనే మందు కూడా ఎమర్జెన్సీలోనే మొదలుపెట్టి, తర్వాతి అపాయింట్‌మెంట్ ఇప్పించారు. 30వ రోజున చూస్తే చికిత్సలో ఉన్నవాళ్లు మొదటి జట్టులో 37 శాతం, రెండో జట్టులో 45, మూడో జట్టులో 78.

ఇంకో లెక్క మనసులో పెట్టుకోండి. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఓవర్‌డోస్ నుంచి బతికి ఎమర్జెన్సీలో వైద్యం పొందిన 11,557 మంది తర్వాత ఏమయ్యారో పరిశీలించి 2020లో ప్రచురించారు. ఏడాది తిరిగేలోపు 5.5 శాతం మంది చనిపోయారు. ఆ చనిపోయినవాళ్లలో అయిదుగురిలో ఒకరు మొదటి నెలలోనే పోయారు. ఆ మొదటి నెలలో పోయినవాళ్లలోనూ అయిదో వంతు మందికి పైగా మొదటి రెండు రోజులే దాటలేదు. గుండెపోటుతో వచ్చిన మనిషికి ఆస్ప్రిన్ కూడా ఇవ్వకుండా ‘రేపు గుండె డాక్టరును కలవండి’ అని చీటీ ఇచ్చి పంపం కదా. ఇక్కడా అంతే. మందు మీ దగ్గరే మొదలవ్వాలి.

ప్రశ్న: బ్యుప్రెనార్ఫిన్ మొదటి డోసు ఇవ్వాలంటే భయంగా ఉంటోంది. ఒకసారి ఇచ్చిన గంటకే రోగి పరిస్థితి బాగా చెడింది. ఎప్పుడు, ఎంత, ఎలా ఇవ్వాలి? (ఎమర్జెన్సీ మెడికల్ ఆఫీసర్)

జవాబు: అలవాటైన మత్తు ఆగగానే ఒళ్లు పడే బాధను విత్‌డ్రాయల్ అంటాం. మీరు చూసింది, మందు తొందరపడి ఇవ్వడం వల్ల రేగిన విత్‌డ్రాయల్. అది ఎందుకు వస్తుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. మెదడులో ఓపియాయిడ్లు కూర్చునే చోట్లను రిసెప్టర్లంటాం. బ్యుప్రెనార్ఫిన్‌కు వాటి మీద పట్టు చాలా ఎక్కువ. హెరాయిన్‌నో మార్ఫిన్‌నో లేపేసి ఆ సీట్లో తాను కూర్చుంటుంది. అయితే అది చేసే పని పాక్షికం. సీట్లు ఇంకా నిండుగా ఉండగా ఇస్తే పూర్తి బలం నుంచి పాక్షిక బలానికి ఒక్కసారిగా పడిపోయినట్టవుతుంది. అదే సీట్లు అప్పటికే ఖాళీ అయ్యాక ఇస్తే ఆ పాక్షిక బలమే పెద్ద ఊరట. మందు ఒకటే, ఇచ్చిన వేళ వేరు. ఆ పాక్షిక స్వభావం వల్లే మోతాదు పెరిగినా శ్వాసను అణిచే గుణం ఒక హద్దు దగ్గర ఆగుతుంది. మనకు ధైర్యాన్నిచ్చేది అదే.

వేళ తెలుసుకోవడానికి ‘కౌస్’ అని పిలిచే విత్‌డ్రాయల్ స్కేలు వాడండి. 11 అంశాలుంటాయి: నాడి వేగం, చెమట, అలజడి, కంటిపాప సైజు, ఒళ్లునొప్పులు, ముక్కూ కళ్లూ కారడం, కడుపులో గడబిడ, వణుకు, ఆవులింతలు, ఆందోళన, రోమాలు నిక్కబొడుచుకోవడం. మొత్తం 48 మార్కులు. 5 నుంచి 12 స్వల్పం, 13 నుంచి 24 మధ్యస్థం, ఆ పైన తీవ్రం. మార్కులు ఎక్కడినుంచి వచ్చాయో కూడా చూడండి. నొప్పి, ఆందోళన, నాడి వేగం దెబ్బ తగిలినవాళ్లలోనూ ఉంటాయి. పెద్దవైన కంటిపాపలు, నిక్కబొడిచిన రోమాలు, ఆగని ఆవులింతలు మాత్రం విత్‌డ్రాయల్‌ను బాగా పట్టిస్తాయి.

చివరిసారి వాడి ఎంతసేపయిందో అడగండి. హెరాయిన్ లాంటి తక్కువసేపు పనిచేసేవైతే కనీసం 12 గంటలు, నెమ్మదిగా విడుదలయ్యే బిళ్లలైతే 24, చాలాసేపు పనిచేసే, ఈ వ్యసనానికి మందుగానూ ఇచ్చే మెథడోన్ అయితే 72 దాకా ఆగాలి. ఫెంటానిల్ రోజూ వాడేవాళ్లతో జాగ్రత్త. అది కొవ్వులో నిల్వ చేరి మెల్లగా బయటికొస్తుంటుంది కాబట్టి 12 గంటల లెక్క వాళ్ల దగ్గర తప్పుతుంది. అలాంటివాళ్లకు స్కోరు 13 దాటేదాకా ఆగడం మంచిది.

స్కోరు 8 దాటి, పైన చెప్పిన గుర్తులు కళ్లకు కనబడుతుంటే నాలుక కింద 8 మి.గ్రా. ఇవ్వండి. సందేహం ఉంటే 4తో మొదలుపెట్టండి. 30 నుంచి 60 నిమిషాలకు మళ్లీ చూసి, లక్షణాలు మిగిలి ఉంటే ఇంకో 8. ఎక్కువమందికి మొదటిరోజు 16 మి.గ్రా. సరిపోతుంది. మర్నాటి నుంచి రోజుకొకసారి 16 అన్నది మామూలు మోతాదు. అనుభవం ఉన్న కొన్ని ఎమర్జెన్సీలు మొదటిరోజే 24, 32 దాకా కూడా వెళ్తున్నాయి.

బిళ్ల సైజు దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. 2 మి.గ్రా. బిళ్లలే ఉన్నచోట 8 అంటే నాలుగు బిళ్లలు. ఒకటో రెండో ఇచ్చి, ఊరట రాలేదని మందునే తప్పుపడతారు. తక్కువ ఇవ్వడం జాగ్రత్త అనిపిస్తుంది గానీ, సగం తీరిన విత్‌డ్రాయల్‌తో రోగి లేచి వెళ్లిపోతాడు.

మొదటి డోసు తర్వాత గంటలోపు పరిస్థితి చెడితే ఆపేయకండి. సాధారణంగా దానికి విరుగుడు మరికొంత బ్యుప్రెనార్ఫిన్. ఇంకో 8 ఇచ్చి ఖాళీ సీట్లు నింపితే తేరుకుంటారు. తోడుగా, బీపీ చూసుకుని క్లోనిడిన్ 0.1 నుంచి 0.2 మి.గ్రా., వాంతులకు ఒన్‌డాన్‌సెట్రాన్ 4 మి.గ్రా., విరేచనాలకు లోపరమైడ్, నొప్పులకు ఐబుప్రొఫెన్. రోగికి ముందే ‘ఇలా కావచ్చు, అయితే ఇక్కడే ఉండండి, తగ్గిస్తాం’ అని చెప్పి ఉంచితే ఆ గంట గడుస్తుంది. చెప్పకపోతే ఆ మనిషి ఈ మందును జన్మలో మళ్లీ నమ్మడు.

మగతగా ఉన్నవాళ్లకు, శ్వాస మందగించినవాళ్లకు, మెథడోన్ వాడుతున్నవాళ్లకు, కాలేయం బాగా చెడినవాళ్లకు ఆ పూట మొదలుపెట్టకుండా పెద్ద డాక్టరును సంప్రదించండి. విత్‌డ్రాయల్ ఇంకా మొదలవ్వని రోగిని అందుకోసం గంటల తరబడి కూర్చోబెట్టనక్కర్లేదు. బిళ్లలూ, ఎప్పుడు మొదలుపెట్టాలో రాసిన కాగితమూ ఇచ్చి, ఇంటి దగ్గర మొదలుపెట్టించవచ్చు. ఆ కాగితం మీద గంటలతో పాటు ‘ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడవడం, కడుపు తిప్పడం, ఒళ్లునొప్పులు – వీటిలో కనీసం మూడు వచ్చాకే’ అని రాయండి.

ప్రశ్న: అదే మోతాదు కొందరికి పనిచేస్తుంది, కొందరికి అసలు పట్టదు. కారణం? (స్టాఫ్ నర్స్)

జవాబు: చాలాసార్లు కారణం నోట్లోనే ఉంటుంది. మింగితే కాలేయం దాన్ని ముందే విరిచేస్తుంది, రక్తంలోకి చేరేది బహు కొద్ది. వాంతులతో వచ్చిన రోగి నోరు ఎండిపోయి ఉంటుంది. ముందు ఒక గుక్క నీళ్లు తాగించి నోరు తడపండి. బిళ్ల నాలుక కింద పెట్టాక తల కొంచెం ముందుకు వంచుకొమ్మనండి, ఉమ్ము గొంతులోకి జారకుండా ఉంటుంది. పూర్తిగా కరగడానికి 5 నుంచి 10 నిమిషాలు. ఆ కాసేపు మాట్లాడించవద్దు. బీపీ, చిరునామా, ఫోన్ నంబరు అన్నీ సరిగ్గా అప్పుడే అడుగుతుంటాం, జవాబు చెప్పబోయి మింగేస్తారు. నాలుగు బిళ్లలైతే రెండేసి చొప్పున పెట్టండి.

కరిగాక నీళ్లు పుక్కిలించి మింగమనండి. పళ్లు తోముకోవడం ఒక గంట తర్వాతే. ఈ మందు పళ్లను పాడుచేసే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. అలాగని మందు మానక్కర్లేదు, ఈ జాగ్రత్త నేర్పితే చాలు.

ప్రశ్న: నాలోక్సోన్‌తో లేచిన రోగికి వెంటనే బ్యుప్రెనార్ఫిన్ ఇవ్వవచ్చా, గంటలు లెక్కపెట్టాలా? (ఒక పీజీ విద్యార్థి)

జవాబు: పూర్తి స్పృహలో ఉండి, శ్వాస బాగుండి, విత్‌డ్రాయల్ గుర్తులు స్పష్టంగా ఉండి, రోగి తనంతట తాను ఒప్పుకుంటే ఇవ్వవచ్చు. నాలోక్సోన్ అప్పటికే సీట్లు ఖాళీ చేసింది. అయితే నాలోక్సోన్ ప్రభావం ఉండేది 30 నుంచి 90 నిమిషాలే. మెథడోన్ లాంటి దీర్ఘకాలం పనిచేసే మందు తీసుకున్నవాళ్లు అది దిగగానే మళ్లీ మగతలోకి జారతారు. ఏం తీసుకున్నారో తేలనప్పుడు ఆగి, శ్వాస, ఆక్సిజన్ చూసుకుంటూ ఉండండి. లేచాడు కదా అని పంపేయకండి. మద్యం, నిద్రమాత్రలు కలిసి ఉంటే నాలోక్సోన్ వాటి మీద పనిచేయదన్నది కూడా గుర్తుండాలి.

ఈ ఘడియలో మాట తీరు మోతాదంత ముఖ్యం. ‘చచ్చి బతికావు, తెలుసా?’ అంటూ మొదలుపెడితే ఆ చెవులు మూసుకుపోతాయి. ‘ఒళ్లు చాలా బాధగా ఉంది కదా, తగ్గించే మందుంది, చెప్పమంటారా?’ అనండి. ఒప్పుకుంటారు.

ప్రశ్న: మా ఆసుపత్రిలో మందు మొదలుపెడుతున్నారు. అయినా సగం మంది క్లినిక్ గడప తొక్కడం లేదు. తాడు ఎక్కడ తెగుతోందో తెలియడం లేదు. (మెడికల్ సోషల్ వర్కర్)

జవాబు: ఒకచోట తెగదండి, అయిదారు చోట్ల తెగుతుంది. ఒక్కొక్కటే చూద్దాం.

అన్నిటికన్నా ముందు పని రోగి రాకముందే చేయాలి. క్లినిక్‌కు ఒకసారి స్వయంగా వెళ్లి కూర్చోండి. ఎమర్జెన్సీ నుంచి వచ్చేవాళ్లకోసం రోజూ ఒకటి రెండు వేళలు ఖాళీగా ఉంచమని అడగండి. ఫోన్ ఎవరెత్తుతారు, ఏ గంటల్లో ఎత్తుతారు, అపాయింట్‌మెంట్ లేకుండా నేరుగా వస్తే చూస్తారా, గుర్తింపు కార్డు లేకపోతే వెనక్కి పంపుతారా, మొదటిరోజే మందు రాస్తారా, లేక కౌన్సెలింగ్ మూడుసార్లు అయ్యాకనా? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు మీద మీ పని అంతా ఆధారపడి ఉంది. ఎమర్జెన్సీలో మొదలైన మందు క్లినిక్ నియమాల వల్ల మూడు వారాలు ఆగిపోతే మొదటికే మోసం. అలాంటి నియమం ఉంటే క్లినిక్ పెద్దలతో మాట్లాడి, ఎమర్జెన్సీ రోగులకు సడలించమని రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

రెండోది, ఫోన్ రోగి మంచం పక్కనుంచే చేయండి, స్పీకర్ పెట్టి. క్లినిక్ మనిషి గొంతు రోగి వినాలి, రోగి పేరు ఆమె పలకాలి. ‘రేపు పదింటికి నేనే ఉంటాను, కౌంటర్ దగ్గర నా పేరు చెప్పండి’ అన్న ఒక్క మాట ఆ గడప దాటిస్తుంది. అపాయింట్‌మెంట్ 24 గంటల్లో ఉంటే మంచిది. 72 గంటలు దాటనివ్వకండి.

మూడోది, డిశ్చార్జ్ కాగితం. నాలుగు పేజీల ప్రింటులో పదకొండో వరుసలో ‘వ్యసన చికిత్సకు వెళ్లవలెను’ అని ఉంటే ఎవరూ చదవరు. విడిగా అరచేయంత కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇలా రాయండి:

‘మంగళవారం ఉదయం 10 గంటలు. పాత భవనం, వెనక గేటు, రెండో అంతస్తు, మెట్లెక్కగానే ఎడమవైపు గది. కలవాల్సిన మనిషి పేరు, ఫోన్ నంబరు. కార్డు లేకపోయినా రండి. మధ్యలో మళ్లీ వాడినా రండి. ఆలస్యమైనా రండి.’

ఆ చివరి మూడు వాక్యాలు వదలకండి. ‘మొన్న మళ్లీ వాడాను, తిడతారు’ అనే భయంతో ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

నాలుగోది, మందు చేతికి ఇవ్వడం. మందుల చీటీ రాసిస్తే సరిపోతుందనుకోవడం దగ్గరే తాడు ఎక్కువగా తెగుతుంది. బ్యుప్రెనార్ఫిన్ అన్ని మందుల షాపుల్లో ఉండదు. ఉన్నా కొందరు అనుమానంగా చూసి లేదంటారు. శుక్రవారం రాత్రి డిశ్చార్జ్ అయిన మనిషి సోమవారం దాకా కాళ్లరిగేలా తిరగాలి. నియమాలు ఒప్పుకున్నంత వరకు బిళ్లలే చేతికివ్వండి: అపాయింట్‌మెంట్ దాకా ఎన్నిరోజులో అన్ని, ఇంకో రెండు మూడు రోజులకు అదనంగా. చీటీయే రాయాల్సివస్తే రోగి మీ ముందుండగానే షాపుకు ఫోన్ చేసి స్టాకు ఉందో లేదో కనుక్కోండి. ఎవరు రాయవచ్చు, ఎన్నిరోజులకు ఇవ్వవచ్చు అన్నది దేశానికో తీరు. అమెరికాలో ప్రత్యేక అనుమతి ఉన్న డాక్టర్లే రాయాలన్న నిబంధనను 2022 డిసెంబరులో ఎత్తేశారు, కొన్ని దేశాల్లో అలాంటిది ఇంకా ఉంది. మీ ఆసుపత్రికి వర్తించే నియమాన్ని అర పేజీలో రాయించి డ్యూటీ గదిలో గోడకు అంటించండి. రాత్రి రెండింటికి ఎవరూ చట్టం పుస్తకం వెతకరు.

నెలకొకసారి, వారానికొకసారి వేసే బ్యుప్రెనార్ఫిన్ ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. అవి దొరికేచోట ఈ ఖాళీ రోజుల బెడదను బాగా తగ్గిస్తాయి.

అయిదోది, వెనక నుంచి కనిపెట్టుకుని ఉండడం. రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి: రోగిది ఒకటి, రోగి నమ్మే మనిషిది ఒకటి. ఆ రెండో మనిషికి ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో రోగినే అడిగి రాసుకోండి. మెసేజ్‌లో ‘వ్యసనం’, ‘డ్రగ్స్’ లాంటి మాట ఉండకూడదు, ఆ ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలియదు. ‘రేపు ఉదయం 10కి మీ అపాయింట్‌మెంట్’ చాలు. డిశ్చార్జ్ అయిన మర్నాడు ఫోన్ చేసి నాలుగే అడగండి: మందు చేతిలో ఉందా, ఎలా వేసుకున్నారు, రాత్రి నిద్ర పట్టిందా, రేపు ఎలా వెళ్తారు. రాకపోతే ఆ రోజే, వేరువేరు వేళల్లో మూడుసార్లు ప్రయత్నించి కొత్త తేదీ ఇవ్వండి. వారం తర్వాత చేసే ఫోన్‌కు ఎత్తే మనిషి ఉండకపోవచ్చు.

ఈ పనికి వ్యసనం నుంచి బయటపడిన మనిషిని తోడుగా పెట్టుకోగలిగితే ఆ బలం వేరు. మొదటిసారి క్లినిక్‌కు కూడా వెంట వెళ్లేలా చూడండి.

ఇక తెగిన చోటు కనిపించాలంటే రిజిస్టరు కావాలి. ఒక్కో రోగికి ఒక్కో వరుస, అయిదు గళ్లు: మందు ఇస్తామని అడిగారా, మొదలుపెట్టారా, తేదీ ఇచ్చారా, క్లినిక్‌కు చేరారా, 30వ రోజున చికిత్సలో ఉన్నారా. నెలాఖరున గళ్లు లెక్కపెడితే అంకె ఎక్కడ సగానికి పడిపోయిందో అక్కడే మీ లోపం. రెండో గడిలోనే పడిపోతుంటే అది రోగుల తప్పు కాదు, మన డ్యూటీ డాక్టర్ల జంకు. మరొకటి: ఈ పనంతా ఒకే ఒక్క ఉద్యోగి తలలో ఉంటే ఆమె సెలవు పెట్టిన వారం గళ్లన్నీ ఖాళీయే. ఇద్దరికి నేర్పండి.

ప్రశ్న: మా తమ్ముడికి ఎమర్జెన్సీలో ఈ మందు మొదలుపెట్టారు. మా పెద్దనాన్నగారు ‘ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చింది, పదిహేను రోజులు ఎక్కడైనా ఉంచి ఒళ్లు కడిగించేద్దాం’ అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక అక్క)

జవాబు: అమ్మా, మీ పెద్దనాన్నగారి బాధ మాకు అర్థమవుతోంది. ఆయన చెప్పిన దారే ఈ జబ్బులో ఎక్కువ ప్రమాదం, కారణం ఇది. పదిహేను రోజులు పూర్తిగా ఆపితే ఒంటికి ఆ పాత మత్తును తట్టుకునే అలవాటు పోతుంది, మెదడులో కోరిక మాత్రం పోదు. బయటికొచ్చాక ఏదో ఒకరోజు పాత మోతాదే తీసుకుంటారు. నెలక్రితం తట్టుకున్న మోతాదే ఇప్పుడు ఊపిరి ఆపేస్తుంది. కొత్త మందు ఆ కోరికను అణిచి, అదే సమయంలో రక్షణగా కూడా నిలబడుతుంది.

ఇంకో మత్తేనా అంటే, కాదమ్మా. సరైన మోతాదులో ఉన్న మనిషి తూగడు, ఉద్యోగానికి వెళ్తాడు, ఇంటి పనులు చూసుకుంటాడు. రోజుకొకసారి మందు కావాలన్నది నిజమే, ఉన్నట్టుండి మానితే విత్‌డ్రాయల్ వస్తుందన్నదీ నిజమే. కానీ జీవితమంతా సరుకు చుట్టూ తిరగడం వేరు, ఉదయం పది నిమిషాలు నాలుక కింద బిళ్ల పెట్టుకోవడం వేరు. బ్యుప్రెనార్ఫిన్‌నూ మెథడోన్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఎంతకాలం అంటే ఇన్ని నెలలని గీత గీయలేం. కొందరికి ఏళ్లు పడుతుంది. తగ్గించాలనుకున్నప్పుడు తమ్ముడు, డాక్టరు కలిసి మెల్లగా తగ్గించాలి. ఇంట్లోవాళ్లు తేదీ పెట్టకూడదు.

మీరు చేయగలిగినవి చెబుతాం. మొదటి అపాయింట్‌మెంట్‌కు మీరే వెంట వెళ్లండి. బిళ్లలు చిన్నపిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టండి, ఒక్క బిళ్ల కూడా పసిపిల్లల ప్రాణం తీయగలదు. ముక్కులో కొట్టే నాలోక్సోన్ స్ప్రే ఇంట్లో ఉంచండి, ఎక్కడుందో అందరికీ తెలియాలి. తమ్ముడు పిలిచినా పలక్కపోతే, పెదవులు నీలంగా మారితే, గురకలాంటి శబ్దంతో ఊపిరి తడబడితే ముందు అంబులెన్సుకు ఫోన్ చేయండి. ఒక ముక్కులో ఒక స్ప్రే కొట్టండి. ఊపిరి అందకపోతే నోటితో ఊదండి. 2, 3 నిమిషాల్లో కదలిక లేకపోతే రెండో ముక్కులో కొత్త స్ప్రే. ఊపిరి వచ్చాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తేరుకున్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్ప్రే దొరకనిచోట ఇంజెక్షన్ ఉంటుంది, వాడే తీరు క్లినిక్‌లో నేర్చుకోండి.

ప్రశ్న: మూత్ర పరీక్ష నెగెటివ్ వచ్చిందని మా పెద్ద డాక్టరు మందు మొదలుపెట్టనివ్వలేదు. సరైనదేనా? (హౌస్ సర్జన్)

జవాబు: కాదు. మామూలు ఓపియేట్ పరీక్ష పట్టేది మార్ఫిన్, కోడీన్, హెరాయిన్ జాడల్ని. ఫెంటానిల్, ట్రమడాల్, మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ అందులో పడవు, వాటికి వేరే పరీక్షలున్నాయి. రోగి చెప్పే కథ, కంటికి కనిపించే గుర్తులు కలిస్తే చాలు. హెపటైటిస్, హెచ్ఐవీ, కాలేయం పరీక్షలు పంపండి గానీ, ఫలితాలు వచ్చేదాకా మొదటి డోసు ఆపకండి.

ప్రశ్న: రోగి నిద్రమాత్రలు కూడా వాడుతున్నా, గర్భవతి అయినా ఈ మందు ఇవ్వవచ్చా? (ఎమర్జెన్సీ నర్స్)

జవాబు: డయాజెపామ్ తరగతి నిద్రమాత్రలతో కలిస్తే మగత, శ్వాస మందగించడం పెరుగుతాయి. కాబట్టి మోతాదు చూసుకోవాలి, రోగికి చెప్పాలి, నాలోక్సోన్ ఇచ్చి పంపాలి. కానీ వాటి కారణంగా చికిత్స నిరాకరించవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే చెప్పింది. చికిత్స లేకపోతే జరిగే హాని అంతకన్నా ఎక్కువ.

గర్భిణికి ఉన్నట్టుండి ఓపియాయిడ్ ఆపడం మంచిది కాదు, మళ్లీ వాడే ప్రమాదం ఎక్కువ. బ్యుప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ ఇవ్వాలి. పుట్టిన బిడ్డకు కొన్నాళ్లు విత్‌డ్రాయల్ లక్షణాలు రావచ్చు, అవి వైద్యంతో తగ్గేవే. ప్రసూతి డాక్టరుకూ క్లినిక్‌కూ ఒకేరోజు ఫోన్ చేయండి. అప్పుడు ఇద్దరిలో ఎవరూ ‘అది రెండోవాళ్ల పని’ అని వదిలేయకుండా ఉంటారు.

ప్రశ్న: ఎమర్జెన్సీలో మందు ఇచ్చి క్లినిక్ తేదీ ఇచ్చారు. వెళ్లలేదు. బిళ్లలు అయిపోయి నాలుగు రోజులైంది, మధ్యలో రెండుసార్లు వాడాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? (పేరు రాయని పాఠకుడు)

జవాబు: ఈ రోజే వెళ్లండి. క్లినిక్ తెరిచి ఉంటే క్లినిక్‌కు, మూసి ఉంటే అదే ఎమర్జెన్సీకి. ఇలా మధ్యలో తెగి మళ్లీ కలవడం ఈ చికిత్సలో రోజూ జరిగేదే. వాళ్లకు మీరు కొత్త కాదు.

అక్కడ రెండు విషయాలు దాచకుండా చెప్పండి: చివరి బిళ్ల ఏ రోజు వేసుకున్నారు, చివరిసారి ఏం వాడి ఎన్ని గంటలయింది. రెండో జవాబును బట్టే మందు ఇప్పుడే ఇవ్వాలా, ఇంకొన్ని గంటలు ఆగాలా అన్నది తేలుస్తారు. తక్కువ గంటలు చెబితే మందు ఇవ్వరేమోనని ఎక్కువ చెప్పకండి, తొందరపడి రేపిన విత్‌డ్రాయల్ బాధ మీకే. వెళ్లేలోపు మళ్లీ వాడతారనిపిస్తే ఒంటరిగా ఉండకండి, మునుపటి మోతాదు అసలే వద్దు, పక్కనున్న మనిషికి నాలోక్సోన్ ఎక్కడుందో చూపించండి. మీ డిశ్చార్జ్ కాగితం పోయినా పర్వాలేదు. ఎమర్జెన్సీకి ఫోన్ చేసి మీరు వచ్చిన తేదీ చెబితే రికార్డు తీసి క్లినిక్‌తో మాట్లాడతారు.